మనకు తగిన సముద్రతీరం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట రామగుండం వాసులకు సామెతగా కాక ఏటేటా అనుభవించే నిజంగానే తెలుసు. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. పైన మండే సూర్యుడు, చుట్టూ ఉపరితల గనుల మట్టిగుట్టలు, ఒక దిక్కున విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు, పగలంతా వేడిని దాచుకొని రాత్రంతా వెళ్ళగక్కే నేల. గోదావరిఖని వీధులు మధ్యాహ్నం పన్నెండు గంటలకే నిర్మానుష్యమవుతాయి. రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన కార్మికునికి ఆ రోజులలో పగటి నిద్ర దుర్లభం. అటువంటి ఊరిలో నేడు కొన్ని ఇళ్ళలోనైనా ఒక కొత్త ప్రశ్న వినిపిస్తున్నది. ఈ సెలవులకు విదేశంలో ఏ సముద్రతీరానికి వెళ్ళాలి?

ఈ ప్రశ్నను విలాసమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. బొగ్గుగని కార్మికులకు యాత్రలు కొత్త కావు. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలలో సెలవు ప్రయాణ రాయితీ చిరకాలంగా ఒక భాగం. ఆ రాయితీని నమ్ముకొనే ఎన్నో కుటుంబాలు తిరుపతినీ, కాశీ రామేశ్వరాలనూ చూసి వచ్చాయి. తరువాతి కాలంలో సింగరేణి లాభాల నుండి కార్మికులకు దసరా రోజులలో వాటా అందడం మొదలయింది. 2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన నాటి నుండి కొలంబో, బ్యాంకాక్, కౌలాలంపూర్ వంటి నగరాలు మనకు దగ్గరయ్యాయి. రామగుండంలో రైలెక్కి హైదరాబాదు చేరడానికి పట్టే కాలం కంటే హైదరాబాదులో విమానమెక్కి కొలంబో చేరడానికి పట్టే కాలమే తక్కువ. భూమి లోపల ముప్పయి సంవత్సరాలు పనిచేసిన మనిషికి ఒక్కసారైనా అంచు కనిపించని నీటి ఎదుట నిలబడాలనిపిస్తే అది అత్యాశ అనిపించుకోదు.

అయితే అనేక సంవత్సరాల పొదుపు ఒక్క వారంలో ఖర్చయ్యే వ్యవహారమిది. ఎంపికలో పొరపాటు జరిగితే దిద్దుకొనే అవకాశం ఆ కుటుంబానికి మళ్ళీ రాకపోవచ్చు. పైగా ఆ ఎంపిక ఇప్పుడు ఇంటి పెద్ద చేతిలో లేదు. ఫోనులో బొమ్మలు చూసి, ధరలు పోల్చి, 'ఇక్కడికి వెళదాం నాన్నా' అని చెప్పేది కళాశాలలో చదివే కొడుకో కూతురో. కనుక ఈ విషయం గురించి ఇంటర్మీడియట్ విద్యార్థులు కొంత ఆలోచించడం అవసరమని నేను భావిస్తున్నాను. నా అభిప్రాయం ఒక్కటే. మనం చూస్తున్న ప్రకటనలు మన కోసం తయారైనవి కావు. వాటిని నమ్మి మరొకరి సెలవును మనం కొనుక్కోరాదు.

సముద్రతీర విహారమనే అలవాటు శీతలదేశాలలో రూపుదిద్దుకొన్నది. 18వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యులు సముద్రస్నానం ఆరోగ్యకరమని చెప్పగా బ్రైటన్ వంటి తీరగ్రామాలు విహారకేంద్రాలుగా ఎదిగాయి. ఆనాటి సంపన్నులు ఎండ తగలకుండా జాగ్రత్త పడేవారు. ఒళ్ళు నల్లబడడం పొలంలో పనిచేసే పేదల లక్షణమని వారి భావన. 1920ల తరువాత ఆ అభిరుచి తలక్రిందులయింది. కష్టజీవులు కర్మాగారాలలోనూ గనులలోనూ చేరి వెలుతురు లేక పాలిపోయిన కాలంలో, ఎండకు కమిలిన మేను తీరిక గల ధనవంతుని చిహ్నమయింది. 1950లో హొరైజన్ అనే సంస్థ విమానం, బస, భోజనం అన్నీ కలిపి ఒకే ధరకు బ్రిటన్ వారిని మధ్యధరా సముద్రంలోని కోర్సికా ద్వీపానికి తీసుకొని వెళ్ళింది. బస గుడారాలలోనే అయినా జనం సంతోషంగా వెళ్ళారు. కారణం సులభంగానే ఊహించవచ్చు. మంచులో, ముసురులో నెలల తరబడి గడిపేవారికి ఎండ అపురూపమైన వస్తువు.

నేటికీ విహారస్థలాల ప్రకటనలలో అమ్ముతున్న ప్రధానమైన సరుకు ఎండే. తెల్లని ఇసుక, దాని మీద వాలుకుర్చీ, కుర్చీలో కళ్ళు మూసుకొని ఎండ కాగుతున్న మనిషి. ఈ బొమ్మను రామగుండంలో కూర్చొని మే నెల మధ్యాహ్నం చూసేవారికి నవ్వు రావాలి. ఎండను డబ్బిచ్చి కొనవలసిన అగత్యం మనకేమున్నది? మనకు కొరవడినవి వేరు. దుమ్ము పట్టని ఆకు, పేలుడు శబ్దం లేని మధ్యాహ్నం, చల్లని గాలి, ఆటంకం లేకుండా దూరానికి సాగే చూపు ఇవి మన అవసరాలు. ఇంటి నుండి బయలుదేరే ముందు ఇంట్లో లేనిదేమిటో తెలుసుకొన్న కుటుంబానికి సగం నిర్ణయం జరిగినట్లే.

తెలుగులో వెలువడిన తొలి యాత్రాగ్రంథాలలో ఒకటైన కాశీయాత్ర చరిత్ర ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరాడు. ఆ పదిహేను నెలలలో ఆయన మజిలీ మజిలీకీ దారి ఎటువంటిది, నీరు ఎట్లా ఉన్నది, దిగడానికి చోటున్నదా, సరుకులు దొరుకుతాయా అని శ్రద్ధగా రాసుకొన్నాడు. తరువాత వచ్చే బాటసారికి పనికి రావాలన్నది ఆయన ఉద్దేశం. నేటి రంగుల ప్రకటనలలో లోపించినవి సరిగ్గా ఆ వివరాలే. తీరం ఫోటో ఉంటుంది. ఆ ఫోటో ఏ నెలలో తీసినదో ఉండదు.

నెల సంగతి సామాన్యమైనది కాదు. మన కుటుంబాలకు ప్రయాణానికి వీలయ్యే కాలాలు ముఖ్యంగా రెండు. ఒకటి పిల్లల వేసవి సెలవులు. రెండవది లాభాల వాటా, బోనసు చేతికందే దసరా దీపావళి రోజులు. ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. తండ్రి గని కార్మికుడు, తల్లి గృహిణి, ఇద్దరు పిల్లలు. థాయిలాండులోని ఫుకెట్ ద్వీపానికి జూన్ మొదటి వారంలో చవకగా గదులు దొరుకుతున్నాయని పిల్లలు కనిపెట్టారు. అందరూ సంబరపడి డబ్బు కట్టారు. అక్కడ దిగేసరికి ఆకాశం నిండా మబ్బులు, తీరం పొడవునా ఎర్రజెండాలు. నీటిలోకి దిగరాదని ఆ జెండాల అర్థం. దీవులకు వెళ్ళవలసిన పడవలు అలల మూలంగా ఆగిపోయాయి. నాలుగు రోజులు గదిలో కూర్చొని టీవీ చూసి వారు తిరిగి వచ్చారు. చవకగా దొరకడానికి కారణం అప్పుడు గాని వారికి అర్థం కాలేదు.

మనకు మృగశిర కార్తెలో చినుకులు తెచ్చే నైరుతి ఋతుపవనమే మే నుండి అక్టోబరు వరకు అండమాన్ సముద్రాన్ని కల్లోలపరుస్తుంది. ఫుకెట్, క్రాబి ఆ సముద్రం ఒడ్డున పడమటి ముఖంగా ఉన్నవి. అదే థాయిలాండులో తూర్పున ఉన్న సముయి ద్వీపానికి ఆ కాలంలో కొండల చాటు ఉంటుంది. అక్కడ భారీ వర్షాలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తాయి. మలేసియాలోనూ ఇదే తీరు. పడమటి లంకావి ద్వీపానికి డిసెంబరు నుండి మార్చి వరకు మంచి కాలమైతే, తూర్పున ఉన్న పెర్హెన్తియాన్, రెడాంగ్ ద్వీపాలలో ఆ నెలలలో ఈశాన్య ఋతుపవనాల ధాటికి విహారగృహాలే మూతపడతాయి. మాల్దీవులకు డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు పొడి కాలం. ఒకే దేశానికి రెండు సముద్రాలు, రెండు ఋతువులు. దేశం పేరు మాత్రం చూసి బయలుదేరేవారు మోసపోయేది ఇక్కడే. లాభాల వాటా అందిన వెంటనే అక్టోబరులో పరుగెత్తడం కంటే సంక్రాంతి సెలవుల దాకా ఆగడం మేలని కూడా దీనివల్ల తెలుస్తుంది. కాని ఆ రోజులలో ఆ తీరాలన్నీ ఐరోపా వారితో నిండి, ధరలు కొండెక్కి కూర్చుంటాయి.

సముద్రం గురించి మరొక మాట చెప్పక తప్పదు. మన పిల్లలలో గోదావరిలోనో ఊరి చెరువులోనో ఈత నేర్చినవారు చాలామంది ఉన్నారు. ఆ ధైర్యంతోనే వారు సముద్రంలోకి దిగుతారు. నది ఒక దిక్కుకు పారుతుంది. దాని స్వభావం ఒడ్డున నిలబడి చూస్తే తెలుస్తుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి వెళ్ళడానికి కొన్నిచోట్ల ఇరుకైన దారి చేసుకొని అతివేగంగా లోపలికి లాగుతుంది. దీనినే రిప్ కరెంటు అంటారు. అలలు విరగక ప్రశాంతంగా కనిపించే చోటే తరచుగా ఆ దారి ఉంటుంది. తెలియనివాడు ఆ ప్రశాంతతను చూసి అక్కడే దిగుతాడు. లాగుడుకు ఎదురీది ఒడ్డు చేరాలని ప్రయత్నించి అలసిపోతాడు. ఆ స్థితిలో ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, లేదా తేలుతూ సహాయం కోసం చేయి ఊపాలి. ఇది తెలిసిన గజఈతగాడు కూడా ఎర్రజెండా ఉన్నచోట దిగడు.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన ఉదయం ఫుకెట్ తీరంలో సెలవులు గడుపుతున్న పదేళ్ళ ఇంగ్లీషు బాలిక ఒకతె సముద్రపు నీరు నురగలు కక్కుతూ వింతగా కదలడం గమనించింది. రెండు వారాల క్రితమే ఆమె తరగతిలో భూగోళశాస్త్ర పాఠంగా సునామీ గురించి విన్నది. ఆమె తల్లిదండ్రులను హెచ్చరించగా ఆ తీరంలోని వారందరినీ ఖాళీ చేయించారు. ఎందరో బ్రతికారు. తరగతి గదిలో విన్న పాఠం విహారంలో పనికివచ్చిన సందర్భం ఇంతకంటే గొప్పది నాకు తెలియదు.

ఇక ప్రకృతి దృశ్యాల విషయం. అందమైన చోటు అందరికీ తెలిసిన నాటి నుండే దానికి కష్టాలు మొదలవుతాయి. థాయిలాండులోని మాయా బే అనే చిన్న అఖాతం 2000లో విడుదలైన ద బీచ్ అనే హాలీవుడ్ చిత్రంతో లోకప్రసిద్ధమయింది. రోజుకు వేలమంది పడవలలో వచ్చి దిగసాగారు. లంగర్ల తాకిడికి, రద్దీకి అక్కడి పగడాలు ధ్వంసమయ్యాయి. చివరికి 2018 జూన్‌లో ప్రభుత్వం దానిని మూసివేసి 2022 జనవరిలో మళ్ళీ తెరిచింది. అఖాతం ముఖద్వారం గుండా పడవలను రానివ్వడం మానేశారు. అవి వెనుక వైపున ఆగాలి. మూసివేసిన కాలంలో చిన్న సొరచేపలు అఖాతంలోకి తిరిగి వచ్చాయి. ఫిలిప్పీన్స్ దేశం కూడా బొరకాయ్ ద్వీపాన్ని 2018లో ఆరు నెలలు మూసి శుభ్రపరచింది. అందరూ వెళ్ళే చోటికే వెళ్ళాలన్న పట్టుదల మనకెందుకో ఆలోచించాలి. ఫోటో కోసమే అయితే ఆ ఫోటో ఇప్పటికే లక్షలమంది వద్ద ఉన్నది.

పగడాల మాట వచ్చింది కనుక బొగ్గు ప్రాంతంలో ఉన్నవారు దాటవేయరాని ఒక సంగతి చెప్పాలి. పగడం రాయిలా కనిపించినా అది సజీవప్రాణుల కాలనీ. ఆ ప్రాణుల శరీరంలో నివసించే సూక్ష్మమైన శైవలాలు వాటికి ఆహారాన్ని, రంగును ఇస్తాయి. సముద్రజలం అక్కడి సాధారణ వేసవి గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా పగడాలు ఆ శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబారిపోతాయి. వేడి తగ్గకపోతే ఆకలితో మరణిస్తాయి. 1998లో, 2010లో, 2014 నుండి 2017 వరకు ప్రపంచవ్యాప్తంగా ఇట్లా జరిగింది. 2023లో మొదలైనది నాల్గవ విపత్తు అని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. సముద్రం వేడెక్కడానికి మూలకారణం గాలిలో పెరుగుతున్న బొగ్గుపులుసు వాయువు. అది ఎక్కడి నుండి వస్తున్నదో రామగుండం విద్యార్థికి వేరుగా చెప్పనక్కరలేదు. 2600 మెగావాట్ల కేంద్రపు పొగగొట్టాలు మేడ ఎక్కితే కనిపిస్తాయి. దానికోసం గని కార్మికుడు తలవంచుకోవాలని నేను అనను. అతడు తీసిన బొగ్గుతో వెలిగిన దీపాలు ఎక్కువగా ఇతర నగరాలలోనే వెలిగాయి. ఆ కేంద్రపు జలాశయం మీదనే 2022 నుండి 100 మెగావాట్ల సౌరఫలకాలు తేలుతున్నాయన్నది కూడా నిజం. కాని తెల్లబారిన పగడాన్ని చూసినప్పుడు దానికీ తన ఊరికీ ఉన్న సంబంధం గుర్తించగలిగేవాడు, ఊరికే 'అయ్యో' అనుకొని పోయేవాని కంటే ఎక్కువ చూసినట్లు. ఆ చూపు కోసమైనా మన పిల్లలు పగడాలున్న తీరాన్ని ఒకసారి చూడాలి. నీటిలో దిగినప్పుడు వాటి మీద కాలు మోపకూడదు, ముక్క విరిచి తెచ్చుకోకూడదు.

ఇంతకూ ఎక్కడికి వెళ్ళాలి? జీవితంలో ఒకే ఒక విదేశయాత్ర చేయగల తెలుగు కుటుంబం నన్ను అడిగితే నేను మారిషస్ పేరు చెబుతాను. ఆ దేశం భూమధ్యరేఖకు దక్షిణంగా ఉన్నది కనుక మనకు వేసవి సెలవులు ముగిసే వేళకు అక్కడ చలికాలం ప్రవేశిస్తుంది. మే నెలాఖరు నుండి తీరప్రాంతంలో పగలు పాతిక డిగ్రీలకు అటూ ఇటుగా ఉండి రాత్రులు ఇంకా చల్లబడతాయి. ద్వీపం చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ కోటగోడలా నిలిచి పెద్ద అలలను ఆపడం వల్ల లోపలి నీరు చాలాచోట్ల చెరువులా నిలకడగా ఉంటుంది. ఆ నెలలలో ఆగ్నేయపు గాలులు తూర్పుతీరాన్ని బలంగా తాకుతాయి కనుక పడమర, వాయవ్య దిక్కులలోని ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, మోన్ ష్వాజీ వంటి తీరాలు మనకు అనుకూలం. ఆ దేశంలో తీరమంతా ప్రజలది. ఖరీదైన రిసార్టులో గది తీసుకోకపోయినా సరుగుడు చెట్ల నీడలో చాప పరుచుకొని కూర్చోవచ్చు. ఆదివారాలలో స్థానిక కుటుంబాలు చేసేది అదే. సముద్రం చాలనుకొన్నవారికి నల్లనది లోయల జాతీయవనం, చమరెల్‌లో రంగురంగుల మట్టిదిబ్బలు, పాంపిల్‌మూస్ తోటలో తాంబాళమంత ఆకులతో పరుచుకొన్న కలువలు ఉన్నాయి. నైరుతి మూలన సముద్రంలోకి చొచ్చుకొని నిలిచిన లె మోర్న్ పర్వతం మీద ఒకప్పుడు పారిపోయిన బానిసలు దాగి జీవించారు.

అయితే నేను మారిషస్ పేరు చెప్పడానికి అసలు కారణం వాతావరణం కాదు. మన పక్కగా పారే గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ సంగమానికి దాపున కోరంగి అనే రేవు ఉండేది. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయినప్పుడు చెరకుతోటలకు పనివారు కావలసివచ్చి భారతదేశం నుండి ఒప్పంద కూలీలను ఓడలలో తరలించారు. 1834 నుండి 1920 వరకు దాదాపు అయిదు లక్షలమంది మారిషస్ చేరారు. వారిలో కోరంగి, విశాఖపట్నం, చెన్నపట్టణం రేవుల నుండి వెళ్ళిన తెలుగువారున్నారు. రేవు పేరు మీదుగా అక్కడ మనవారిని కొరంగీలని పిలిచారు. ఓడ దిగిన కూలీలు మొదట అడుగుపెట్టిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. సముద్రం ఒడ్డున ఆ రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. వాటి మీద కూర్చొని సముద్రాన్ని చూసిన గని కార్మికుడు ఏమనుకొంటాడో నేను చెప్పలేను. ఒప్పందం, మేస్త్రీ, హాజరు, కోత అనే మాటలు మాత్రం అతనికి కొత్తగా తోచవు.

ఆ కూలీల సంతతి నేడు ఇళ్ళలో ఎక్కువగా క్రియోల్ మాట్లాడుతుంది. అయినా తెలుగును పోగొట్టుకోలేదు. ఉగాది అక్కడ జాతీయ సెలవుదినం. సింహాచలం అప్పన్నను కొలుస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలోనే జరిగాయి. పాఠశాలలో తెలుగును ఒక పాఠ్యాంశంగా ఎంచుకొని చదివే పిల్లలు అక్కడ ఉన్నారు. మీరు తెలుగును ద్వితీయ భాషగా, మార్కుల కోసమని కొందరు విసుక్కుంటూ కూడా చదువుతున్నారు కదా; అక్కడి విద్యార్థి తాతల మాటను అక్షరం అక్షరంగా కూడబలుక్కొని నేర్చుకొంటాడు. ఆ ఇద్దరూ తీరంలో కలిసినప్పుడు మాట్లాడుకొనే నాలుగు ముక్కలు ఏ రిసార్టు ప్రకటనలోనూ దొరకవు.

మారిషస్ ఖర్చు తక్కువేమీ కాదు. ముంబయి మీదుగా సుదీర్ఘమైన విమానప్రయాణం, అందుకు తగిన టికెట్టు ధర ఉంటాయి. అంత స్తోమత లేనివారికి శ్రీలంక ఉన్నది. ఇక్కడ కూడా దిక్కు చూసుకోవాలి. మే నుండి సెప్టెంబరు వరకు కొలంబో వైపున్న బెంతొట, హిక్కడువ తీరాలలో సముద్రం పోటు మీద ఉంటుంది. అప్పుడు తూర్పున ఉన్న త్రికోణమలై, నీలావేలి, పాసికూడా తీరాలు శాంతంగా ఉంటాయి. పాసికూడాలో చాలా దూరం నడిచినా నీరు నడుము దాటదు. ఈత రాని తల్లికి, సముద్రాన్ని మొదటిసారి చూసే నానమ్మకు ఇంతకంటే తగిన తీరం నాకు తోచదు. త్రికోణమలైలో కోణేశ్వరాలయం సముద్రం మీదికి ఒరిగిన కొండ అంచున ఉన్నది. అష్టాదశ శక్తిపీఠాల వరుస లంకలోని శాంకరీదేవితోనే మొదలవుతుంది కనుక ఇంటి పెద్దలను ఒప్పించడం కష్టం కాదు. నీలావేలి ఎదుట పావురాల దీవి చుట్టూ పగడాలు ఉన్నాయి. కాని తూర్పుతీరంలో మే నెల ఎండ మన ఎండకు చెల్లెలే. అందుచేత ఆ యాత్రలో సగం రోజులు నువర ఎలియకు కేటాయించాలని నా సలహా. దాదాపు 1,870 మీటర్ల ఎత్తున తేయాకు తోటల నడుమ ఉన్న ఆ ఊరిలో మే నెలలో కూడా సాయంకాలం స్వెటరు తొడుక్కోవాలి. రామగుండం మనిషికి అది సముద్రం కంటే పెద్ద విశేషం.

ఇండోనేసియాలోని బాలి ద్వీపానికి మే నుండి సెప్టెంబరు వరకు పొడి కాలం. కుట తీరంలో అలలు పెద్దవి, అది అలలపై పలకతో ఆడేవారికి తగినది. సనూర్, నూసా దువా తీరాలు పగడపు దిబ్బల చాటున శాంతంగా ఉంటాయి. జతిలువి వద్ద మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళు, వాటికి నీరు పంచుకొనే సుబక్ అనే రైతుల కట్టుబాటు చూడదగినవి. చెరువు కింద వంతుల వారీగా నీరు పెట్టుకొన్న ఊళ్ళ నుండి వచ్చినవారికి అది వెంటనే అర్థమవుతుంది. సుబక్ వ్యవస్థకు 2012లో యునెస్కో గుర్తింపు లభించింది.

విశాఖపట్నం ఉండగా విదేశమెందుకని అడిగేవారున్నారు. వారి మాట తేలికగా తీసుకోదగినది కాదు. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఋషికొండ తీరాన్ని చూడకుండా మాల్దీవుల పేరు కలవరించడం నాకు కూడా సమంజసంగా తోచదు. సముద్రం అసలు చూడని కుటుంబం మొదట అక్కడికే వెళ్ళాలి. అప్పు చేసి విదేశానికి ఎవరూ వెళ్ళకూడదు. కాని విశాఖ చూసినవారు మరొక తీరాన్ని చూడరాదన్న నియమమేదీ లేదు. తిరుపతి వెళ్ళివచ్చిన మన పెద్దలు కాశీకి కూడా వెళ్ళారు.

ప్రయాణం నిర్ణయమైన తరువాత పాస్‌పోర్టుల పని ముందుగా మొదలుపెట్టాలి. గనులలో మారుపేర్లతో చేరిన పాత తరం వారి సంగతి మన ప్రాంతంలో అందరికీ తెలిసినదే. సర్వీసు పుస్తకంలో ఒక పేరు, ఆధార్ కార్డులో మరొక పేరు ఉన్న తండ్రికి కాగితాలు సరిచేసుకోవడానికి నెలలు పట్టవచ్చు. గదులు మాట్లాడుకొనే ముందు తీరంలో రక్షకులు ఉంటారా, నీరు ఏ వేళకు వెనుకకు పోతుంది, నీడ ఉన్నదా, ఆ నెలలో గాలి ఏ దిక్కు నుండి వీస్తుంది అని అడిగి తెలుసుకోవాలి. సమాధానం చెప్పలేని ఏజెంటు వద్ద డబ్బు కట్టకపోవడం మంచిది. మీ ఇంట్లో ఎప్‌సెట్ రాసేవారుంటే ఆ పరీక్ష సాధారణంగా మే నెలలో ఉంటుంది. అది ముగిశాక మిగిలేది రోహిణి కార్తె. ఆ రోజులలో ఫుకెట్ వద్దు, లంకావి వద్దు. త్రికోణమలైకి మంచి కాలం. మారిషస్‌కు ఇంకా మంచి కాలం. ఒక స్వెటరు మాత్రం సంచిలో పెట్టుకోవాలి.